జింక వేటకు 44 మాగ్నమ్ తూటాలు ఇంట్లో లోడ్ చేసుకోవాలంటే

ప్రశ్న: ఒహాయోలో ఉంటున్నాను. గ్రీన్ కార్డు వచ్చింది, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా అయిపోయింది. ఏడున్నర అంగుళాల బ్యారెల్ ఉన్న రూగర్ సూపర్ బ్లాక్‌హాక్, 44 మాగ్నమ్, కొన్నాను. షాపులో తూటాలు బాగా ఖరీదు. కాల్చిన ఖాళీ గొట్టాల్ని (కేసుల్ని) మళ్లీ నింపుకునే ప్రెస్ కొనుక్కుని సొంతంగా లోడ్ చేసుకుందామని ఉంది. థాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే గన్ సీజన్‌లో వైట్‌టెయిల్ జింక కోసం ఫుల్ పవర్ లోడ్ చెప్పగలరా? ఏ తుపాకి మందు, ఎన్ని గ్రెయిన్లు, ఏ బుల్లెట్?

సమాధానం:

గ్రెయిన్ల అంకె, అంటే ఎంత బరువు మందు పోయాలన్నది, దాని కోసం అయితే చదవకండి, నేను ఇవ్వను. ఎందుకు ఇవ్వనో కింద చెబుతాను. ముందు ఫుల్ పవర్ సంగతి తేల్చుకుందాం. కొత్తగా మాగ్నమ్ కొన్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే, నా దృష్టిలో జింక వేటకు అన్నిటికంటే తక్కువ అవసరమైన ప్రశ్న కూడా ఇదే.

మీ బ్యారెల్ నుంచి 240 గ్రెయిన్ల బుల్లెట్, అంటే దాదాపు పదిహేనున్నర గ్రాములు, ఫుల్ లోడ్‌తో సెకనుకు 1,350 అడుగులో, ఇంకాస్త ఎక్కువో వేగంతో బయటికొస్తుంది. అదే బుల్లెట్‌ని 1,100 అడుగుల దగ్గర ఆపామనుకోండి, శక్తి లెక్కలో సుమారు మూడో వంతు పోతుంది. కాగితం మీద చాలా పెద్ద తేడా. కానీ యాభై గజాల్లో పక్కకి తిరిగి నిలబడ్డ జింక విషయంలో ఆ తేడా కనపడదు. రెండు బుల్లెట్లూ పక్కటెముకల మధ్య నుంచి దూరి, రెండు ఊపిరితిత్తుల్నీ చీల్చుకుని అవతలి వైపు నుంచి బయటికి పోతాయి. రైఫిల్ బుల్లెట్ ఆ వేగానికి చుట్టుపక్కల కండరాన్ని కూడా ఛిద్రం చేస్తుంది. రివాల్వర్ బుల్లెట్‌కి అంత వేగం లేదు. అది చేసేది రంధ్రం, అంతే. ఆ రంధ్రం సరైన చోట పడాలి, ఇటు నుంచి అటు దాకా ఉండాలి. మిగతాదంతా రక్తస్రావం పని.

ఇక జింక వైపు కనపడని ఆ తేడా మీ చేతికి మాత్రం బాగా తెలుస్తుంది. ఫుల్ లోడ్‌తో ఒక సిలిండర్ ఖాళీ చేసేసరికి చేయి ట్రిగ్గర్ నొక్కకముందే బిగుసుకోవడం మొదలుపెడుతుంది, రెండో సిలిండర్‌కి కళ్లు కూడా మూసుకుంటాయి. ఒకసారి ఆ అలవాటు పట్టుకుంటే వదిలించుకోవడం చాలా కష్టం. జింకలు గాయపడి పారిపోవడానికి నేను చూసిన కారణాల్లో బలం చాలకపోవడం కంటే షూటర్ ఉలిక్కిపడి గురి తప్పడమే ఎక్కువ. కాబట్టి మీరు వెతకాల్సింది మీ రివాల్వర్ భరించగలిగినంత గట్టి లోడ్ కాదు. మీరు ఉలిక్కిపడకుండా కాల్చగలిగిన లోడ్‌లలో గట్టిది.

ఈ తూటా పుట్టుక చూసినా ఇదే అర్థమవుతుంది. ఐడహోలో ఉండే ఎల్మర్ కీత్ అనే పశువుల కాపరి, వేటగాడు, మాగ్నమ్ కంటే ముందునుంచీ ఉన్న 44 స్పెషల్ అనే తూటా కేసుల్లో గట్టి లోడ్‌లు వేసి ఏళ్ల తరబడి వేటాడాడు. అలాంటి తూటాని ఫ్యాక్టరీలోనే తయారు చేయమని కంపెనీల వెంటపడ్డాడు. 1955-56లో స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్, రెమింగ్టన్ తూటా కలిసి 44 మాగ్నమ్‌గా బయటికొచ్చాయి. స్పెషల్ కేసు కంటే మాగ్నమ్ కేసుని అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు చేశారు. ఎవరైనా పొరపాటున పాత స్పెషల్ రివాల్వర్‌లో పెట్టబోయినా దూరకూడదని ఆ ఏర్పాటు. స్పెషల్‌కి గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 15,500 పౌండ్లు, మాగ్నమ్‌కి 36,000. ఈ రెండింటి మధ్య ఉన్న జాగా అంతా ఇంట్లో లోడ్ చేసుకునే హ్యాండ్‌లోడర్‌ది. ఫ్యాక్టరీ తూటాలు ఎక్కువగా ఈ కొసనో ఆ కొసనో ఉంటాయి, జింక వేటకు బాగా పనికొచ్చే మధ్యస్థం షాపులో అంత తేలిగ్గా దొరకదు. ఇంట్లో లోడ్ చేసుకోవడానికి అసలు కారణం ఇదే అంటాను నేను. డబ్బు ఆదా అవుతుందని మొదలుపెట్టినవాళ్లు చివరికి ఖర్చు పెట్టేది అంతే, కాకపోతే రెట్టింపు తూటాలు కాలుస్తారు. అది మంచిదే, ప్రాక్టీసు పెరుగుతుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం ఆదా అని చెప్పి మాట ఇవ్వకండి.

అంకె సంగతికి వస్తాను. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన చార్జ్ (మందు కొలత) చూసి మందు పోయడం ఈ పనిలో చేయకూడని వాటిలో మొదటిది. టైప్ చేసేటప్పుడు ఒక దశాంశ బిందువు జరిగితే చాలు. అతను వాడిన బుల్లెట్ వేరు, అది కేసులోకి దిగిన లోతు వేరు, ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందుని అంటించే చిన్న మూత) వేరు, మందు తయారైన లాట్ వేరు. ఇంకో సమస్య, పాత పుస్తకాల్లోని 44 మాగ్నమ్ లోడ్‌లు కొన్ని ఇప్పటి లెక్కల ప్రకారం మరీ ఘాటు. పీడనం కొలిచే పద్ధతులు మారాయి, అంకెలు తగ్గాయి, కానీ పాత అంకెలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. హార్నడీ, లైమన్, స్పియర్ లాంటి వాళ్ల తాజా మాన్యువల్ ఒకటి కొనండి. మందు కంపెనీల సైట్లలో డేటా ఉచితంగా ఉంటుంది, దాన్ని పక్కన పెట్టుకుని సరిచూడండి. మీ బుల్లెట్ బరువు ఒక్కటే కలిస్తే సరిపోదు, రకం కూడా కలవాలి. ఉదాహరణకి పూర్తి రాగి బుల్లెట్ అదే బరువు సీసం బుల్లెట్ కంటే పొడవుంటుంది. అది కేసులో ఎక్కువ చోటు తింటుంది, మందుకి చోటు తగ్గి పీడనం మారుతుంది. దానికి దాని డేటానే వాడాలి.

మందు ఏది అన్నదానికి నేను సూటిగా చెప్పగలను. 44 మాగ్నమ్‌కి అందరూ చెప్పే పేరు హాడ్గ్‌డన్ హెచ్110. వించెస్టర్ 296 అని డబ్బా మీద ఉన్నా అదే మందు. ఎక్కువ వేగం కావాలంటే నిజంగానే దీన్ని మించింది అరుదు. కానీ ఇది మొండి మందు. మాన్యువల్‌లో ఉన్న కనీస చార్జ్ కంటే కిందికి దించకూడదు. తగ్గించి లోడ్ చేస్తే సరిగ్గా అంటుకోక బుల్లెట్ బ్యారెల్‌లోనే నిలిచిపోయే ప్రమాదం ఉంది. దీనికి మాగ్నమ్ ప్రైమర్, గట్టి క్రింప్ (కేసు అంచుని బుల్లెట్ మీదికి మడవడం) తప్పనిసరి. అంటే దీనితో మీకు దొరికేది దాదాపు ఫుల్ పవర్ మాత్రమే, నేను పైన వద్దన్నది అదే. ఒక మేలు మాత్రం ఉంది, చార్జ్ కేసుని దాదాపు నింపేస్తుంది కాబట్టి పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి బయటికి వచ్చి కనపడిపోతుంది.

మీకు నేను చెప్పేది అలయంట్ 2400. ఎల్మర్ కీత్ కాలం నుంచి వాడుతున్నదే. పై నుంచి కింది దాకా ఎక్కడ లోడ్ చేసినా ఓర్చుకుంటుంది. మాన్యువల్ గరిష్ఠం కంటే పది శాతం కిందనుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్లొచ్చు. సగం దారిలో మీ రివాల్వర్‌కి నచ్చే చోటు ఒకటి దొరుకుతుంది, గుళ్లన్నీ దగ్గర దగ్గరగా పడతాయి. అక్కడే ఆగిపోండి. ఐఎమ్ఆర్ 4227 కూడా బాగానే ఉంటుంది, కాకపోతే కాలని గింజలు సిలిండర్ చుట్టూ మిగులుతాయి, నాకు ఆ చిరాకు నచ్చదు. ప్రాక్టీసు కోసం యూనిక్ లాంటి వేగంగా కాలే మందు తక్కువ చార్జ్‌తో వాడతారు. చవక, చేతికి హాయి. కానీ జాగ్రత్త మొత్తం అక్కడే అవసరం. ఆ చిన్న చార్జ్ అంత పెద్ద కేసులో అడుగున ఎక్కడో ఉంటుంది, రెండుసార్లు పోసినా ఇంకా చోటు మిగులుతుంది. రివాల్వర్లు పగిలిపోయిన కథల వెనక చాలాసార్లు ఉండేది ఈ డబుల్ చార్జే తప్ప ఘాటైన మాగ్నమ్ లోడ్ కాదు.

ప్రాక్టీసు తూటాలు కూడా మాగ్నమ్ కేసుల్లోనే లోడ్ చేయండి. పొట్టి స్పెషల్ కేసులు ఎక్కువగా కాలిస్తే ఛాంబర్‌లో (సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రంలో) కేసు మూతి ఉండే చోట మసి కట్టేస్తుంది, తర్వాత పొడవైన మాగ్నమ్ కేసులు సరిగా దిగవు.

బుల్లెట్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, వేట చేసేది చివరికి అదే కదా. మీకు రెండు మార్గాలున్నాయి. ఒకటి 240 గ్రెయిన్ల జాకెటెడ్ (రాగి తొడుగున్న) హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉన్నది) లేదా సాఫ్ట్ పాయింట్ (ముక్కు దగ్గర సీసం బయటికి ఉన్నది), హార్నడీ ఎక్స్‌టీపీ లాంటివి. ఇవి మాగ్నమ్ వేగాలకు తగ్గట్టు గట్టిగా చేసినవి. తగిలాక తల విచ్చుకుంటుంది, రంధ్రం వెడల్పవుతుంది, జింకలో సాధారణంగా ఇంకా అవతలికి పోతాయి. కానీ విచ్చుకోవడానికి వేగం కావాలి, మరీ మెత్తటి లోడ్‌లో పెడితే విచ్చుకోకుండా మామూలు గుండులాగే పోతాయి. 180, 200 గ్రెయిన్ల తేలికైన హాలో పాయింట్లు వేటకు వద్దు. వాటిలో చాలావరకు ఆత్మరక్షణ కోసం, త్వరగా విచ్చుకునేలా చేసినవి. భుజం ఎముక మీద పడితే లోపలికి పోకుండా పైపైన చితికిపోవచ్చు.

రెండో మార్గం పోతపోసిన గట్టి సీసం బుల్లెట్, ముక్కు బల్లపరుపుగా ఉండేది. సెమీ వాడ్‌కట్టర్ అంటారు, కీత్ గీసిన ఆకారానికి లైమన్ కంపెనీ 429421 నంబరుతో అచ్చు అమ్ముతూ వచ్చింది. ఇది విచ్చుకోదు, విచ్చుకోవాల్సిన పని కూడా లేదు. కాల్చకముందే 0.43 అంగుళాల వెడల్పుంది, ఆ బల్లపరుపు ముక్కు కండరాన్ని గుండ్రటి ముక్కు కంటే బాగా కోస్తుంది. 1,000 నుంచి 1,200 అడుగుల వేగానికి నాకు ఇదే ఇష్టం. మాంసం కూడా తక్కువ పాడవుతుంది. 300 గ్రెయిన్ల బరువు బుల్లెట్లు ఎలుగుబంట్ల దేశాల్లో ఉన్నవాళ్లకి వదిలేయండి, ఒహాయో మొక్కజొన్న చేలల్లో వాటితో పనిలేదు.

పోత బుల్లెట్లు కొనేముందు మీ సిలిండర్ ముందు భాగంలోని రంధ్రాలు, థ్రోట్‌లు అంటారు, వాటి కొలత చూసుకోవాలి. తుపాకి ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, సిలిండర్ బయటికి తీసి, బుల్లెట్‌ని ముందు నుంచి వేలితో నొక్కండి. కాస్త బిగువుగా దిగితే సరైనది. జారి పడిపోతే చిన్నది. చిన్న బుల్లెట్ పక్కల నుంచి వేడి వాయువు దూసుకుపోయి సీసాన్ని కరిగించి బ్యారెల్ నిండా పూస్తుంది, గురి పాడవుతుంది, ఆదివారమంతా బ్రష్ పట్టుకుని కూర్చోవాలి. మామూలుగా జాకెటెడ్ బుల్లెట్ 0.429 నుంచి 0.430 అంగుళాలుంటుంది, పోతది 0.430 లేదా అంతకంటే ఓ పిసరు ఎక్కువ ఉండాల్సి వస్తుంది. మెత్తటి సీసాన్ని గట్టిగా తోస్తే కూడా పూత పడుతుంది, అందుకే కొన్ని బుల్లెట్ల అడుగున చిన్న రాగి మూత ఉంటుంది, గ్యాస్ చెక్ అంటారు.

ఇక ప్రెస్ పని. కొత్తవాళ్లకి సింగిల్ స్టేజ్ ప్రెస్సే చాలు. ఆర్‌సీబీఎస్, లీ, రెడింగ్ ఏదైనా పర్వాలేదు, నిదానంగా ఒక్కో పని ఒక్కోసారి నేర్పుతుంది. డైలు (ప్రెస్‌లో బిగించే అచ్చులు) మాత్రం కార్బైడ్‌వి తీసుకోండి, కేసులకి నూనె రాయాల్సిన పని తప్పుతుంది. పాత ప్రైమర్ తీసి కేసుని మళ్లీ కొలతకు తేవడం, మూతి కాస్త వెడల్పు చేయడం, కొత్త ప్రైమర్ పెట్టడం, మందు పోయడం, బుల్లెట్ దించడం, క్రింప్ చేయడం, వరస ఇంతే. ఏదైనా మాన్యువల్ మొదటి అధ్యాయాల్లో బొమ్మలతో సహా ఉంటుంది కాబట్టి ఇక్కడ ఒక్కోటీ వివరించను. మాగ్నమ్ రివాల్వర్‌కి ప్రత్యేకమైన విషయం మాత్రం క్రింప్, దాని గురించి మాన్యువళ్లలో రెండు లైన్లే ఉంటాయి.

రివాల్వర్ పేలినప్పుడు తుపాకి వెనక్కి కొడుతుంది. సిలిండర్‌లో ఉన్న మిగతా తూటాల కేసులు దానితో పాటు వెనక్కి లాగబడతాయి. లోపలి బరువైన బుల్లెట్ మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఫలితం, ఒక్కో దెబ్బకి బుల్లెట్ కొంచెం కొంచెంగా కేసు నుంచి ముందుకు జరుగుతుంది. మరీ జరిగితే ముక్కు సిలిండర్ దాటి బయటికి వస్తుంది, సిలిండర్ తిరగదు. జింక ఎదురుగా ఉన్నప్పుడు అది జరిగితే ఇక ఆ రోజు మీ పని ఇంటికి వెళ్లడమే. అంత దాకా పోకపోయినా, బుల్లెట్ పట్టు ఒక్కో తూటాలో ఒక్కోలా ఉంటే మందు కాలే తీరు మారుతుంది, గుళ్లు చెల్లాచెదురవుతాయి.

చాలామంది క్రింప్‌ని ఇంకా ఇంకా బిగిస్తే చాలనుకుంటారు. నిజానికి బుల్లెట్‌ని పట్టుకునేది ముందు కేసు గోడల బిగువు, క్రింప్ దానికి సాయం. మూతి వెడల్పు చేసే డైని మరీ లోపలికి దించితే ఆ బిగువు పోతుంది, తర్వాత ఎంత క్రింప్ చేసినా తిరిగి రాదు. బుల్లెట్ అడుగు కేసు అంచు మీద నిలబడితే చాలు, అంతకంటే వెడల్పు వద్దు. క్రింప్ అంచు బుల్లెట్ మీది గాడిలోకి మడతపడాలి, గాడి లేని బుల్లెట్లు మాగ్నమ్‌కి కొనకండి. కేసులన్నీ ఒకే పొడవుండాలి, లేకపోతే పొడవు కేసుకి ఎక్కువ క్రింప్, పొట్టి కేసుకి తక్కువ క్రింప్ పడుతుంది. వేట తూటాల కోసం ఒకే కంపెనీ కేసులు కొన్ని విడిగా పెట్టుకుని, ట్రిమ్ చేసి, వాటినే తిప్పి తిప్పి వాడండి. బుల్లెట్ దించడం, క్రింప్ చేయడం రెండూ ఒకే డైతో ఒకేసారి చేయొచ్చు, కానీ రెండు విడతలుగా చేస్తే పని శుభ్రంగా వస్తుంది.

పట్టు సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. ఆరు తూటాలు నింపే ముందు ఒకదాని పొడవు క్యాలిపర్‌తో కొలిచి, మార్కర్‌తో గుర్తు పెట్టండి. మిగతా ఐదూ కాల్చి, దాన్ని తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరగకపోతే మీ పని బాగున్నట్టు. మీ సూపర్ బ్లాక్‌హాక్ బరువైనది కాబట్టి ఈ సమస్య తక్కువే ఉంటుంది, తేలికైన రివాల్వర్లలో చాలా ఎక్కువ. లోడ్ చేసిన ప్రతి వేట తూటానీ ముందే ఆరు ఛాంబర్లలోనూ దించి చూడండి. వేలితో నొక్కకుండా తనంతట తను దిగాలి.

బెంచ్ దగ్గర అలవాట్ల గురించి నేను కాస్త ఛాదస్తుణ్ణి. బల్ల మీద ఒకే ఒక్క మందు డబ్బా ఉండాలి, పని అయ్యాక మిగిలింది అదే డబ్బాలోకి పోయి డబ్బా అలమరలోకి పోవాలి. ఒక ట్రే కేసులకి మందు పోసిన వెంటనే టార్చ్ వేసి అన్నిట్లో ఒకే మట్టం ఉందా అని చూడాలి, బుల్లెట్ పెట్టేది ఆ తర్వాతే. ఫోన్ పక్క గదిలో ఉండాలి, టీవీ వద్దు, మాటలు వద్దు, సిగరెట్ సంగతి చెప్పక్కర్లేదు. రెండు రకాల మందులూ ఒక బల్ల మీద ఉండకూడదు, బీరు పని అయ్యాకే. ప్రైమర్లు వాటి పెట్టెల్లోనే ఉంచండి, సీసాల్లో గుమ్మరించకండి. ఒకటి పేలితే మిగతావన్నీ పేలతాయి. పాత కేసులు శుభ్రం చేసేటప్పుడు లేచే ధూళిలో ప్రైమర్ నుంచి వచ్చిన సీసం ఉంటుంది. ఆ పని గ్యారేజీ బయట చేయండి, చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం దగ్గరికి వెళ్లకండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ బట్టలతో ఎత్తుకోకండి.

రేంజ్‌లో కాల్చేటప్పుడు ఒక తూటా చప్పుడు తక్కువగా వినిపించినా, వెనక్కి కొట్టడం తగ్గినట్టు అనిపించినా అక్కడికక్కడే ఆపేయండి. బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుపోయి ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి పేలిస్తే తుపాకి, దానితోపాటు వేళ్లు పోతాయి. ఖాళీ కేసులు ఛాంబర్ నుంచి తేలిగ్గా రాకుండా అంటుకుపోతుంటే లోడ్ ఎక్కువైందని అర్థం, మాన్యువల్ ఏం చెప్పినా దించేయండి. ప్రైమర్ చదునుగా అయిందా లేదా అని చూసి పీడనం అంచనా వేయడాన్ని రివాల్వర్ విషయంలో నేను నమ్మను, ఆ గుర్తు కనపడేసరికి ఆలస్యమైపోతుంది. వీలైతే బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఒకటి కొనండి, వేగం మాన్యువల్ చెప్పిన దానికంటే బాగా పైన ఉంటే అది శుభవార్త కాదు. ఒహాయోలో సీజన్ చలిలో వస్తుంది కాబట్టి ఎండాకాలంలో కుదిర్చిన లోడ్‌ని నవంబరు చలిలో ఒకసారి కాల్చి సరిచూడండి.

మీది సెకండ్ హ్యాండ్ సూపర్ బ్లాక్‌హాక్ అయితే ఒక సంగతి. 1973కి ముందు చేసిన పాత మోడళ్లలో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితే తప్ప హ్యామర్ దెబ్బ తూటాకి చేరనివ్వని భాగం) లేదు. హ్యామర్ కింద ఛాంబర్ ఖాళీగా ఉంచి ఐదే నింపాలి. అలాగే సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి వచ్చే మంట వేలిని కోసేస్తుంది, ఆసరా కోసం ఎడమ చేయి అక్కడికి పోనివ్వకండి. చెవులకి రక్షణ వేటలో కూడా పెట్టుకోండి. మాగ్నమ్ రివాల్వర్ చప్పుడు ఒక్కసారికే వినికిడి దెబ్బతీయగలదు. ఎలక్ట్రానిక్ మఫ్‌లు ఆకుల చప్పుడు వినిపిస్తూనే పేలుడు చప్పుడు అడ్డుకుంటాయి.

ఎంత దూరం నుంచి కాల్చొచ్చు? జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు ఎనిమిది అంగుళాల వలయం. ఆరు అంగుళాల పేపర్ ప్లేటు పెట్టుకోండి, టెన్షన్‌కి కాస్త లెక్క వదలాలి కదా. బెంచ్ మీద ఇసుక సంచి ఆనించి కాదు, నేల మీద కూర్చుని మోకాళ్ల మీదో, చెట్టుకి ఆనుకునో, కర్రల ఆసరాతోనో కాల్చండి. ప్రతి గుండూ ప్లేటులో పడే దూరం ఎంతో, అదే మీ దూరం. అది ముప్పై గజాలైతే ముప్పై గజాలే. తూటా వంద గజాలకి కూడా సరిపోతుంది, యాభై గజాలకి గురి సరిచేస్తే వందకి కొన్ని అంగుళాలే దిగుతుంది. ఆ దూరంలో చాలనిది షూటర్ చేయి. మామూలు సైట్లు మసక వెలుతురులో నా వయసు కళ్లకి కనపడవు, ఎర్ర చుక్కతో గురి చూపే చిన్న రెడ్ డాట్ సైట్ పెట్టుకున్నాక పని సులువైంది.

అడవిలో పక్కకి తిరిగి ఉన్న జింక, లేదా కాస్త అవతలి వైపు మళ్లి ఉన్నది, ఈ రెండే. ఎదురుగా చూస్తున్నది, పరుగెడుతున్నది, తల మాత్రమే కనపడుతున్నది వదిలేయండి. ఊపిరితిత్తుల దెబ్బ తిన్న జింక కూడా కొంత దూరం పరుగెడుతుంది, తగల్లేదనుకుని కంగారు పడొద్దు. అది నిలబడ్డ చోటు గుర్తుపెట్టుకుని అరగంట కూర్చోండి, తర్వాత నెత్తురు జాడ పట్టుకుని వెళ్లండి. అటూ ఇటూ రంధ్రం ఉంటే ఆ జాడ బాగా కనపడుతుంది. నేను బుల్లెట్ అవతలికి పోవాలని పట్టుబట్టేది అందుకే.

చట్టం సంగతి క్లుప్తంగా. ఒహాయోలో జింకకి హ్యాండ్‌గన్ బ్యారెల్ కనీసం 5 అంగుళాలు, తూటా నిటారు కేసుతో 357 క్యాలిబర్ లేదా అంతకంటే పెద్దది ఉండాలి. మీది సరిపోతుంది. 357 మాగ్నమ్‌తో కూడా చట్టం ఒప్పుకుంటుంది, కానీ దానితో నేనైతే బరువైన బుల్లెట్, దగ్గరి దూరం తప్ప ప్రయత్నించను. ప్రైవేటు భూమిలో వేటాడాలంటే యజమాని రాతపూర్వక అనుమతి జేబులో ఉండాలి. గన్ సీజన్‌లో ఆరెంజ్ చొక్కా తప్పదు. నియమాలు ఏటా మారతాయి, ఆ ఏడాది పుస్తకం చదవండి. సొంత వాడకానికి లోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. స్నేహితులకి ఉచితంగా కూడా ఇవ్వకండి. చట్టం కోసం కాదు, వాళ్ల రివాల్వర్ మీ రివాల్వర్ కాదు.

మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఇది వర్తించదు గానీ, ఇది చదివే మన వాళ్లలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఎక్కువ. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో అందరూ వాడేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. దాని గడువు తీరిపోతే మినహాయింపు కూడా పోతుంది. స్నేహితుడి తుపాకి రేంజ్‌లో సరదాగా పట్టుకోవడం కూడా ఇందులోకే రావచ్చు. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఈ దారిలో అడుగు పెట్టకండి.

ఇండియాలో మన ఊరికి వెళ్లేముందు రేంజ్‌కి తీసుకెళ్లే సంచీని లగేజీగా వాడొద్దు. మూల జేబులో మిగిలిన ఒక్క తూటా హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు, సెలవంతా పోలీసుల చుట్టూ, కోర్టు చుట్టూ తిరగడమే. మందు, ప్రెస్, జింక వేట అన్నీ అమెరికాలోనే వదిలేసి రావాల్సినవి. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం జింకల వేటని నిషేధించింది, లైసెన్స్ లేకుండా తూటా తయారు చేయడమూ నేరమే.

ముందు థ్రోట్‌ల కొలత, మీరు కొనబోయే బుల్లెట్ పేరు రాయండి. ఏ మాన్యువల్‌లో ఏ పేజీ చూడాలో అప్పుడు చెబుతాను.